మూర్తిగారి తల

పాట సగంలో ఆగిపోయింది. లొరెయిన్ మైకును స్టాండుకు తగిలించి, "సారీ" అని ఒక్క మాట అని, వేదిక వెనక గదిలోకి వెళ్లిపోయింది. పక్కన పెడల్ స్టీల్ గిటారు వాయిస్తున్న ఆమె భర్త గ్రేమ్ తీగల మీద అరచెయ్యి ఆనించి మోతను అణిచేశాడు. మొదటి వరసలో ఉన్న శ్రీనివాసమూర్తిగారి వంక చూశాడు. ఆ చూపులో కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది.

మూర్తిగారు అప్పుడే కళ్లు తెరిచారు. ప్రాణం లేచొచ్చేలా పాడుతున్న మనిషి ఎందుకు ఆపేసిందో ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్న చెల్లెలి భర్త విష్ణుని అడిగారు.

"మీవల్లే బావగారూ" అన్నాడు విష్ణు గొంతు తగ్గించి. "ఆవిడ పాడుతున్నంతసేపూ మొహం చిట్లించి, తల అడ్డంగా ఊపారు. నాలుకతో చప్పుడు కూడా చేశారు."

"బాగుంటే ఊపనా మరి?"

"అది మన దగ్గర. ఇక్కడ తల అడ్డంగా ఊపితే ఛీ, బాలేదని అర్థం."

మూర్తిగారు వేదిక వెనక గది వైపు చూశారు. ఈ పరాయి దేశంలో, రోటోటూనా అనే ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంటికి ఆయన వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. పక్కింటి లొరెయిన్‌కు గొంతు ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి పాట అని, ఇవాళ గొంతు పలక్కపోతే ఇక జన్మలో మైకు పట్టనని ఒట్టేసుకుని వచ్చిందని చెల్లెలు సుభద్ర కారులో చెప్పనే చెప్పింది. ఊళ్లోని కంట్రీ మ్యూజిక్ క్లబ్బు వాళ్ల ఆదివారం సభ అది. పాడాలనుకున్న వాళ్లు వంతుల వారీగా వచ్చి పాడతారు. ఇరుగుపొరుగన్న అభిమానంతో లొరెయినే వీళ్లని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది.

ఆయన తప్పు మాత్రం ఏముంది? చిన్నప్పటి నుంచి కచేరీలు విన్న చెవులు. ఆ గొంతులో కాస్త జీర ఉంది, కానీ శ్రుతి ఇంత కూడా జారలేదు. పైగా ఆ వాద్యం. వీణని బల్లకు బిగించి కాళ్లు తొడిగినట్టుంది. గ్రేమ్ ఎడమచేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతూ, కింద కాళ్లతో పెడళ్లు తొక్కుతుంటే, స్వరం స్వరంలోకి కరిగిపోతోంది. ఆమె ఎక్కడ ఊపిరికి ఆగితే అక్కడ ఆ తీగ అందుకుంటోంది. గమకమంటే ఇదే కదా అనుకుని మూర్తిగారు కళ్లు మూసుకున్నారు. తల దాని పని అది చేసుకుపోయింది.

విరామం ఇచ్చారు. అందరూ టీ బల్ల దగ్గర చేరి సుభద్ర తెచ్చిన గారెలు తింటున్నారు. మూర్తిగారు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఉండబట్టలేక వెనక గది గుమ్మం దాకా వెళ్లారు. లొరెయిన్ కళ్లు తుడుచుకుంటోంది. "నో, నో. వెరీ గుడ్ సింగింగ్" అన్నారు, ప్రాణమంతా ఆ మాటల్లో పెట్టి. అంటూనే తల అడ్డంగా ఊపారు. ఆమె మాట వినలేదు, తలనే చూసింది. మొహం ఇంకా వాడిపోయింది.

విష్ణు పరుగున వచ్చి ఆయన్ని వెనక్కి లాక్కొచ్చాడు. సుభద్ర మాత్రం లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఎంతకీ బయటికి రాలేదు.

విష్ణు ఆయన్ని కుర్చీలో కూలేసి చేతులు పట్టుకున్నాడు. "ఆవిడ మళ్లీ పాడితే, మీకు దండం పెడతా, రాయిలా కూర్చోండి. తల కదిపారో, ఒక గొంతు మూగబోయిన పాపం మనకు చుట్టుకుంటుంది."

"రాయినే అనుకో" అన్నారు మూర్తిగారు.

లొరెయిన్ మళ్లీ వచ్చింది. సుభద్ర వెనకాలే వచ్చి విష్ణుకి అవతల కూర్చుని, అన్నగారి వైపు వంగి, "అంతా నేను చూసుకున్నా అన్నయ్యా" అంది. క్షమాపణ చెప్పి వచ్చి ఉంటుందనుకుని ఆయన చెల్లెల్ని మనసులోనే దీవించారు.

పాట మొదలైంది. ఈసారి గొంతు ఇంకా తేటగా ఉంది. లొరెయిన్ నవ్వుతూ నేరుగా ఆయన్నే చూస్తూ పాడుతోంది. మూర్తిగారు రెండు చేతులా గడ్డాన్ని బిగించి పట్టుకున్నారు. మొదటి చరణం దాటింది. తీగ సన్నగా లేచి ఆమె గొంతును చుట్టుకునేసరికి మెడ నరాలు పీకాయి. నాలుక పళ్ల మధ్య బిగించి, మనసులో పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకున్నారు. ఇంత గొప్ప పాట విని ఇంత కష్టపడడం ఆయన జీవితంలో ఇదే మొదలు.

రెండో చరణంలో ఆమె నవ్వు పోయింది. చూపు మాత్రం ఆయన మీది నుంచి కదల్లేదు. గొంతు వణికింది. గ్రేమ్ తీగతో ఆదుకోబోయాడు. మూర్తిగారు ఆమె కోసం దేవుళ్లందరికీ మొక్కుతూ ఇంకా బిగుసుకుపోయారు. వెంట్రుక కూడా కదలనివ్వలేదు.

పాట ఆగింది. లొరెయిన్ మైకును ఈసారి స్టాండుకు తగిలించలేదు. గ్రేమ్ చేతిలో పెట్టేసి, వేదిక దిగి, పక్క తలుపు తీసుకుని బయట కార్ల వైపు వెళ్లిపోయింది.

మూర్తిగారు నిస్సహాయంగా చెల్లెలి వైపు చూశారు. "ఈసారి ఇంత కూడా కదల్లేదు కదే అమ్మా."

సుభద్ర తల పట్టుకుంది. "ఎందుకు కదల్లేదన్నయ్యా? నీ తల ఊగితేనే పాట బాగున్నట్టని ఆవిడకి ఒట్టేసి చెప్పి, బతిమాలి వేదిక ఎక్కించాను."