వరహాలమ్మ పావులీటరు

నా చేతిలో పడ్డాక మొండికేసిన ఇంజను భూమ్మీద లేదు. అందుకే వరహాలమ్మ నన్ను పిలిచింది. బళ్లన్నీ డ్రైవరు లేకుండా, చప్పుడు లేకుండా ఇంటిముందుకొచ్చి మనల్ని పేరుపెట్టి పిలుస్తున్న ఈ రోజుల్లో, చనిపోయిన భర్త కారు మోత ఒక్కసారి వినాలని ఆమె కోరిక. ఏడాదిపాటు అర్జీలు పెడితే పావులీటరు పెట్రోలు మంజూరైంది.

పాతికేళ్ల కిందటి నాగావళి వరదనీళ్లు కలిసి ఇంజనాయిలు మజ్జిగలా తెల్లబడింది. మూడుసార్లు ఆయిలు మార్చాను. ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లో చుక్కచుక్కగా నూనె పోసి, ఇంజన్ని చేత్తోనే మెల్లగా తిప్పాను.

“బిగుసుకుపోయి పట్టీదు కదా అన్నయ్యా?” అంది వరహాలమ్మ.

“ఇది నాకు వందో ఇంజను చెల్లెమ్మా.”

నిజానికి రెండోది. మొదటిది పట్టేసింది.

పెట్రోలు సీసాని గొట్టంతో ఇంజనుకు కలిపాను. నాలుగోసారి తాళం తిప్పితే దగ్గి దగ్గి అందుకుంది. వరహాలమ్మ వెళ్లి గుమ్మంలో నిలబడింది, ఆయన ఇంటికొచ్చే వేళకు నిలబడే చోటే. పావుగంటకు పెట్రోలు అయిపోయి బండి ఆగింది.

ఆ చివరి వాక్యం మాత్రం నా కల్పన. సీసాలో సగంపైనే మిగిలింది.

“ఆపీ అన్నయ్యా,” అంది వరహాలమ్మ. “మిగతాది దాచీ. మీ బావ మళ్లీ రావాలి గదా.”