పిచ్చుకకు దారివ్వండి

"ఇంకా బిజీయే సార్. తొమ్మిదిసార్లు చేసిన. ఎవ్వలతోటి ముచ్చట్లు పెట్టిన్రో ఏమో!" అంది సుజన ఫోనులో.

హుస్సేనీ ఆలంలో బయల్దేరిన ఆటో చార్మినార్ దగ్గర ఇరుక్కుని ముప్పావుగంటయింది. ముందు గాజుల ట్రాలీ, వెనక నీళ్ళ ట్యాంకరు. దిగి నడుద్దామన్నా బండ్ల మధ్య కాలు పెట్టే సందు లేదు. చెల్లెలి పెళ్ళికి వారం సెలవు పెట్టి ఈరోజే డ్యూటీకి వెళ్తున్న మనిషికి ఇంతకన్నా మంచి స్వాగతం దొరకదు.

"నేనూ ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి ప్రయత్నిస్తూనే ఉన్నాను, నీతో మాట్లాడుతూ," అన్నాడు వేణుమాధవ్. ఆమె పనిచేసే చిన్న ఉపగ్రహాల కంపెనీలో సీనియర్ ఆయన. "నాకూ బిజీయే వస్తోంది. టైము రెండుంబావు. రెండున్నరకి పిచ్చుక మన యాంటెన్నాకి అందుతుంది. ఆదేశం పంపాలంటే అప్పుడే పంపాలి."

పిచ్చుక వాళ్ళ ఉపగ్రహం. ఆరేళ్ళుగా చెరువుల ఫోటోలు తీసి పంపుతోంది. సాయంత్రం దానికి ఇంకో కంపెనీ ఉపగ్రహం ఎదురొస్తుందని పొద్దున హెచ్చరిక వచ్చింది. ఎంతకీ దొరకనిది ఆ కంపెనీ డ్యూటీ ఫోనే. గుద్దుకుంటే రెండూ వేల ముక్కలవుతాయి. ఆ ముక్కలు దారిన పోయే మిగతా ఉపగ్రహాలనూ బతకనివ్వవు.

ఎదురొచ్చేది పైకి వెళ్ళి రెండు నెలలే. ట్యాంకు నిండా ఇంధనం. అది కాస్త పక్కకు జరిగితే చాలు. పిచ్చుకలో మిగిలింది ఒక్కసారికే వస్తుంది. వచ్చే ఏడాది దాన్ని కిందికి దించి గాలిలోనే కాల్చేయడానికి దాచిన ఇంధనం అది. దించి తీరుతామని అనుమతి కాగితాల మీద సంతకం పెట్టింది సుజనే. ఇప్పుడు వాడేస్తే, పనైపోయిన పిచ్చుక ఇంకో అరవై ఏళ్ళు అక్కడే తిరుగుతూ అందరికీ అడ్డమవుతుంది.

"వాళ్ళే జరుగుతారని ఊరుకుంటే?" అన్నాడు వేణుమాధవ్.

"జరగకుంటే సార్?"

"మేనేజర్ గారు విమానంలో ఉన్నారు. మూడింటికి గాని దిగరు. డ్యూటీ నీది, నువ్వే చెప్పాలి."

ఆటో నడిపే రామ్‌చందర్ వెనక్కి తిరిగాడు. ఆయనది కూడా సుజన వాళ్ళ గల్లీయే. "చెల్లె, జర ఓటీపీ వచ్చిందేమో చూడు. బండి ఇన్సూరెన్సుది. నీ నంబరే ఇచ్చిన."

గల్లీలో ఎవరికి గ్యాసు కావాలన్నా, రేషన్ కార్డు కావాలన్నా ఫారంలో సుజన నంబరే. అడిగేలోపే రాసుకోమనడం ఆమెకు అలవాటు. ఇప్పుడూ విసుక్కోకుండా అంకెలు చదివి వినిపించింది.

"ఎవ్వలతోని లొల్లి?" అడిగాడాయన.

"పైన ఒక బండి ఎదురొస్తున్నది అన్నా. జరుపుమందామంటే దాని డ్రైవర్ ఫోన్ ఎత్తుతలేడు."

"మరి మీదే జరుపరాదు?"

"జరిపితే మాది ఇగ కిందికి రాదు."

రామ్‌చందర్ ముందుకు తిరిగాడు. ఊరికే హారన్ కొట్టాడు.

రెండూ ఇరవై ఎనిమిదికి సుజన చివరిసారి చేసింది. బిజీ. మెయిలు తెరిచింది. ఆ కంపెనీ నుంచి పొద్దుట్నుంచి దానంతటదే వస్తున్న ఆ ఒక్క జవాబే: అత్యవసరమైతే పై నంబరుకు ఫోన్ చేయండి.

"ఉపగ్రహం పంపుడు తెలుసు గానీ ఫోన్ ఎత్తుడు తెల్వదు వీళ్ళకు! సిగ్గు లేదు!" అంది పైకే. వెంటనే వేణుమాధవ్‌కు చేసింది. "జరపండి సార్."

పది నిమిషాలకు ఆయన ఫోన్ వచ్చింది. "జరిగింది. గండం గడిచింది. ట్యాంకు ఖాళీ."

సుజనకు ఏడుపొచ్చింది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది. ఆరేళ్ళు తన మాట విన్న ఉపగ్రహాన్ని చేతులారా చెత్తలో కలిపానన్న బాధ ఒకవైపు, కదలని ఈ ఆటోలో ఏమీ చేయలేక కూర్చున్న కోపం ఒకవైపు.

"నేను ఫిర్యాదు రాస్త సార్. కంపెనీ మీద కాదు, ఫోన్ దగ్గర కూసున్న మనిషి మీద. ఆ మనిషి మళ్ళ ఈ పని చెయ్యొద్దు. జర పేరు కనుక్కోండి."

"కనుక్కుంటాను," అన్నాడాయన.

మూడుంబావుకు వేణుమాధవ్ నుంచి మళ్ళీ ఫోన్. గాజుల ట్రాలీ ఇంకా అక్కడే ఉంది.

"పేరు దొరికిందా సార్?"

"మేనేజర్ గారు దిగారు సుజనా. ఆ కంపెనీని పోయిన గురువారం మనవాళ్ళే కొన్నారట. ఇంకా ఎవరికీ చెప్పలేదట. దాని డ్యూటీ ఫోనుకి ఎవరి నంబరు పెట్టాలని, పెళ్ళిలో ఉన్న నీకు ఆయన ఫోన్ చేశారట కదా?"

"ఏదో ఫారంకు నంబరు అన్నరు. ఎందుకని అడగలే సార్. నాదే రాసుకోమన్న."

"మనం చేసిన ఆ నంబరు అప్పట్నుంచి నీ ఫోనుకే మళ్ళించి ఉంది."