అడుగు నీళ్లు

“ఆ పంపు లోపలికి దించినవంటే నిన్నూ దాన్నీ కలిపి గోదాట్ల ఏస్త!”

లాంచీ అడుగుకు దిగే చెక్కమూత మీద అడ్డంగా కూర్చున్నాడు దూలయ్య. అడుగున ఊరే నీళ్లను రేకు డబ్బాతో తోడి బయట పోయడం అతని పని. ఆ డబ్బాను ఇప్పుడు ఆయుధంలా పట్టుకున్నాడు.

అవతలి ఒడ్డు సారపాక నుంచి వచ్చిన మెకానిక్ షాలేమ్‌రాజు పంపు పెట్టె చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు. రేవులో ఉన్నవాళ్లంతా వాళ్లనే చూస్తున్నారు.

“నీ మీద నాకేం పగ పెద్దయ్యా? ఓనరు పెట్టమన్నడు, పెడుతున్న.”

“నీళ్లు అదే తోడితే ఇంక నేనెందుకు? ఈ వయసుల నన్నెవడు పనిల పెట్టుకుంటడు?”

షాలేమ్‌రాజు పంపు పెట్టె కింద పెట్టాడు. సెల్లు తీసి లాంచీ ఓనరు పగిడయ్యకు ఫోన్ చేశాడు. “దూలయ్యను తీసెయ్యనని మీరే చెప్పుండ్రి సేటూ. లేకుంటే నన్ను దిగనిచ్చేటట్టు లేడు” అని, సెల్లును దూలయ్య చెవికి ఆనించాడు.

“అవ్ సేటూ... అవ్...” అంటూ విన్నాడు దూలయ్య. తర్వాత మెల్లగా మూత మీంచి లేచాడు.

“పంపును ఇంక నేనే చూసుకోవాలంట. నువ్వు నేర్పాలంట.”

“నేర్పుత. దిగు.”

లోపల నిటారుగా నిలబడే చోటు లేదు. డీజిల్ వాసనలో ఇద్దరూ పాకుతూ పోయారు. షాలేమ్‌రాజు అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట పంపును బిగించాడు. పక్కనే చిన్న ప్లాస్టిక్ డబ్బీ అమర్చాడు.

“నీళ్లు పెరిగితే ఈ డబ్బీ తేలుతది. తేలంగనే పంపు దానంతట అదే తిరుగుతది. ఎత్తి చూడు.”

దూలయ్య వేలితో డబ్బీని ఎత్తాడు. పంపు బుర్రుమంది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి నవ్వాడు.

ఖాళీ లాంచీ నీటి మీద తేలిగ్గా ఊగుతోంది. నీటికి జానెడు ఎత్తున పక్కగోడకు రంధ్రం తొలిచి, పంపు నుంచి అక్కడిదాకా పైపు లాగాడు షాలేమ్‌రాజు. పని అయ్యేదాకా దూలయ్యే టార్చి పట్టుకున్నాడు. మొదటిసారి నీళ్లు బయటికి చిమ్మినప్పుడు పైకి పోయి, ఆ ధార కింద చెయ్యి పెట్టి, తడి చెయ్యి ముఖానికి రాసుకున్నాడు.

మధ్యాహ్నం తన సద్దిలోంచి జొన్నరొట్టె తుంచి ఇచ్చాడు. “తిను అల్లుడా. పొద్దున నోరు జారిన. మనసుల పెట్టుకోకు.”

“గట్లేం లేదు మామా” అన్నాడు షాలేమ్‌రాజు, వరస కలుపుతూ.

సాయంత్రం పగిడయ్య వచ్చి, డబ్బీ ఎత్తి చూసి మెచ్చుకున్నాడు. మిగతా లాంచీలకు కూడా నువ్వే పెట్టాలన్నాడు. కూనవరం అవతల కడుతున్న బడి కోసం సిమెంటు బస్తాలు వచ్చి ఉన్నాయి. వాటిని లాంచీ నిండా వేయించాడు. షాలేమ్‌రాజు సంబరంగా వంతెన దాటి ఇంటికి పోయాడు.

తెల్లారి ఫోన్ వస్తే పనిముట్ల సంచితో పరుగున వచ్చాడు. లాంచీ వెనక భాగం నీళ్లలో కూరుకుపోయి ఉంది. ఒడ్డున డీజిల్ ఇంజన్ పెట్టి లోపలి నీళ్లు తోడుతున్నారు. సగం బస్తాలు దించారు, సగం లోపలే తడిసి ముద్దయ్యాయి. దూలయ్య ఇసుకలో కూలబడి ఉన్నాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

“గోదాట్ల ఏస్తనన్నది వీడే! రాత్రి లాంచీల పండుకున్నది వీడొక్కడే!” పగిడయ్య మళ్లీ చెయ్యి ఎత్తాడు.

“నేనేం చెయ్యలే సేటూ. నీళ్లు ఒంటికి తగిలితే లేచిన. చేతులు పడిపోయేదాక తోడిన. ఆగలే...” దూలయ్యకు షాలేమ్‌రాజు కనిపించాడు. ముఖం వెలిగింది. “అగో, అల్లుడొచ్చిండు. లోపలికి పోయి చూసి ఆయననే చెప్పమనుండ్రి!”

“పో రాజూ, చూడు. వీడు చేసిందైతే వీడిని పోలీసోళ్లకిస్త. నీ పనే సక్కగ లేకుంటే నిన్నిస్త” అన్నాడు పగిడయ్య.

నీళ్లు పంపు దాకా తగ్గాక షాలేమ్‌రాజు లోపలికి దిగాడు. వైర్లు తెగలేదు. డబ్బీ చిక్కుకోలేదు. పంపు మూతికున్న జాలీలో చెత్త లేదు. పైపు మీద చిన్న గీత కూడా లేదు. దూలయ్య తప్పేమీ లేదనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు వినిపించింది, పంపు దగ్గర నీళ్లు పారుతున్న చప్పుడు. పైపు కొస ఊడదీశాడు. గోదావరి నీళ్లు బయటి నుంచి ఆ పైపులోంచే లోపలికి వస్తున్నాయి.

రంధ్రం తొలిచినప్పుడు లాంచీ ఖాళీగా ఉంది. బస్తాల బరువుకు లాంచీ దిగి, రంధ్రం నీటి కిందికి పోయింది. పంపు ఆగినప్పుడల్లా తోడిన నీళ్లు పైపులోంచే తిరిగొచ్చాయి. పంపును తిప్పే బ్యాటరీ అయిపోయాక ఇక అడ్డు లేకపోయింది. నీళ్లు వెనక్కి రాకుండా ఆ పైపుకు వాల్వు పెట్టాలి. జానెడు ఎత్తుంది కదా, ఏం కాదులే అనుకుని అతను పెట్టలేదు.

“చూసినవా అల్లుడా? చెప్పు వీళ్లకు!” పైనుంచి దూలయ్య గొంతు.

“ఏంది రాజూ, ఏమైంది?” పగిడయ్య అరిచాడు.

వేళ్ల మీదుగా నీళ్లు కారుతుంటే షాలేమ్‌రాజు పనిముట్ల సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

అతను పైకి వచ్చేసరికి దూలయ్య పెదవి తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. షాలేమ్‌రాజు అతని వైపు చూడకుండా పగిడయ్య ముందుకు చెయ్యి చాచాడు. ఆ చేతిలో పైపు ముక్కలు రెండున్నాయి.

“కత్తితోని కోసిండు సేటూ.”