మాట వినే డబ్బాలు

"ఈ మాట వినే డబ్బాలన్నీ పీకేసి, మామూలు స్విచ్చులు పెట్టు" అన్నారు డ్రిల్లు మాస్టారు బొంగురు గొంతుతో.

"వీల్లేదు" అంది ఆయన భార్య, నిచ్చెనకి అడ్డంగా నిలబడి.

ఎలక్ట్రీషియన్ ఇరకాటంలో పడ్డాడు. ఈ మధ్య అతనికి ఊపిరి సలపని పని. ఒకరింట్లో పిలిస్తే వెలిగే లైట్లు చూసి పక్కింటివాళ్ళకి కన్ను కుట్టడం, వెంటనే వాళ్ళూ పెట్టించుకోవడం. వీధంతా ఇదే వరస. పెట్టినవాటిని తీసెయ్యమన్న ఇల్లు మాత్రం ఇదే. అందరూ ముందుకి పోతుంటే మనం వెనక్కి పోవడమేమిటని ఆవిడ వాదన.

ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే మాస్టారు దగ్గరికి జరిగారు.

"రేపు నాకు గొంతు ఆపరేషన్. మాట పూర్తిగా పోతుంది. ఆవిడకి చిన్న కురుపని చెప్పాను. నువ్వు నోరు జారకు."

ఎలక్ట్రీషియన్ చెప్పనని మాటిచ్చాడు. నిచ్చెన వేసుకుని పనిలోకి దిగాడు.

ఆవిడ తిరిగొచ్చింది, డబ్బాల సంగతి వదిలేసి కొత్త స్విచ్చుల మీద గొడవ మొదలుపెట్టింది. వంటింటి స్విచ్చు మరీ ఎత్తయిందంది. హాల్లోది తలుపు చాటయిందంది. ఆ తెలుపు కూడా ఒక తెలుపేనా అంది. మాస్టారు ప్రతిదానికీ జవాబు చెప్పారు, దగ్గారు, మళ్ళీ అరిచారు. ఉన్న కాస్త గొంతూ ఈ మహాతల్లి అరగదీస్తోందని ఎలక్ట్రీషియన్‌కి ఒళ్ళు మండింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాడు కనుక మింగేశాడు.

ఇక మిగిలింది పడగ్గది స్విచ్చు. మాత్ర వేసుకోవడానికి మాస్టారు వంటింట్లోకి వెళ్ళారు. అతను ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఈ ఒక్క రోజుకీ ఆయన్ని వదిలెయ్యండి."

ఆవిడ అతనికేసి చూసింది. అంతసేపూ ఖంగుమన్న గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

"డాక్టరు నాకూ చెప్పాడు నాయనా. ఆయన ఆ స్కూలు మైదానంలో అరవడమే కానీ, ఇంట్లో ఎదురుచెబితే తప్ప నోరు విప్పరు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ ఒక్క స్విచ్చూ తలకిందులుగా బిగించి వెళ్ళు. రాత్రిదాకా ఆ గొంతుతో తిట్టించుకుంటాను."