కొంగ మాస్టారి ఒంటికాలి బడి

మడుగు ఒడ్డున కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబడడం నేర్పే బడి పెట్టారు. అందులో సీటు దొరకడమే గొప్ప. బాతుపిల్లకు దొరికింది. తల్లి బాతు ఆ సంగతి మడుగులో కప్పలతో సహా అందరికీ చెప్పుకుంది.

బాతుపిల్ల బాగానే నేర్చుకుంది. కదలకుండా నిలబడితే నీళ్ళడుగున చేపల నీడలు కనిపించేవి. అది దానికి నచ్చింది కూడా. కానీ పొద్దున్నుంచి చీకటిపడేదాకా అదే పని. తోటి బాతుపిల్లలు ఈదుతుంటే ఆ అలలు వచ్చి దాని కాలికి తగిలేవి.

"మానేస్తానమ్మా," అంది ఒకరోజు.

"చేతకాక మానేస్తే సరే. ఇంత చక్కగా చేతనవుతుంటే మానేస్తారటే? పైగా ఆ కప్పలకేం చెప్పను?" అంది తల్లి.

మర్నాడు బాతుపిల్ల బడిలో ఎప్పుడూ ఫస్టు వచ్చే నీటికోడి పక్కన చేరింది.

"అక్కా, నీకెప్పుడూ మానేద్దామని అనిపించలేదా?"

"మొదట్లో అనిపించేది. కొన్నాళ్ళు ఓర్చుకో, అలవాటైపోతుంది," అంది నీటికోడి, మాస్టారు చూస్తారేమోనని మెడైనా తిప్పకుండా.

"మరి, ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది కదా, ఆ రెండో కాలు నొప్పెట్టదా?"

నీటికోడి చాలాసేపు ఆలోచించింది.

"ఏ రెండో కాలు?" అని అడిగింది.

బాతుపిల్ల తన రెండో కాలిని మెల్లగా కిందికి దించింది. నీళ్ళు చల్లగా తగిలాయి. అమ్మకేం చెప్పాలో ఇంకా తెలియలేదు. ఇల్లు చేరేలోపు తోస్తుందిలే అనుకుని ఈదడం మొదలుపెట్టింది.