తెల్లబడిన బొగ్గు

"ఇది మా బొగ్గు కాదు, పెద్దమ్మా."

క్యాథరిన్ లిడియా ఇంటి గడపలోనే ఆగిపోయింది. చేతిలోని సంచి కూడా కింద పెట్టలేదు. లోపల చాప మీద పడుకున్న చిన్న కుక్క, జుట్టు కప్పిన కళ్ళతో ఆమెను ఒకసారి చూసి, మళ్ళీ కాళ్ళ మధ్య తల పెట్టుకుంది. వాన వెలిసిన పగటి వెలుగులో అది కుక్కలా లేదు. కిటికీలోంచి వచ్చి చాప మీద కాసేపు ఆగిన పొగమంచులా ఉంది.

"అదే బిడ్డా," అంది లిడియా. "రంగు మారింది, గంతే."

"బొగ్గు కాటుక లెక్క నల్లగుండె. గందుకే గదా బాపు దానికి గా పేరు పెట్టిండు."

క్యాథరిన్ నర్సు ఉద్యోగానికి మస్కట్ పోయే ముందు, ఆమె తండ్రి దేవసహాయం ఆ షిట్జు జాతి కుక్కపిల్లను చేసంచిలో పెట్టుకొని తెచ్చాడు; సంచి జిప్పు గీరి దాని ఎడమ చెవి వెనక చిన్న మచ్చ పడింది. ఆమె పోయిన ఏడాదికి ఆయన చనిపోయాడు. తల్లి అంతకు ముందే లేదు. కుక్క పక్కింటి లిడియా దగ్గరికి చేరింది. ఇప్పుడు క్యాథరిన్‌కు ఆదిలాబాద్‌లో కొలువు దొరికింది. బొగ్గును తనతో తీసుకుపోదామని కారు మాట్లాడుకొని పెద్దపల్లి వచ్చింది. తండ్రి చేతిది అంటూ ఆమెకు మిగిలింది ఆ కుక్క ఒక్కటే.

"ఫోన్ చేసినప్పుడల్ల బాగుంది, బాగుంది అన్నవ్. ఒక్కనాడు చూపియ్యలే."

"నాది బటన్ ఫోను. ఏం చూపియ్యాలె?"

"నిజం చెప్పు. నా బొగ్గును దాచుకొని గిదాన్ని ఇస్తున్నవా?"

లిడియా కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "గీ రెండర్రల ఇంట్ల ఏడ దాస్త బిడ్డా? చూసుకో పో."

గోడ మీది నుంచి శంకరవ్వ తల కనిపించింది. ఆమె ఇల్లు గోడకవతల. ఏ మాటైనా ఆమెను దాటి పోదు.

"ఏందే క్యాథరిన్, మస్కట్ పోయి నీ జుట్టు ఎర్రగ చేసుకొస్తివి. నిన్ను మేం గుర్తు పట్టలేదా? కుక్క మారితేనే తప్పా?"

"నాది రంగేసిన జుట్టు, శంకరవ్వా."

"దానిది దేవుడేసిండు. బొగ్గు కాలితే బూడిదే గదా, అయిపాయె!"

క్యాథరిన్‌కు నవ్వు రాలేదు. చాప అంచున కూర్చుంది.

"బాపు పోయినప్పుడు కూడ గిట్లనే అందరు కలిసి బాగున్నడన్నరు. మట్టి చేసినంక చెప్పిన్రు. నేనక్కడ బాపుకు చెప్పులు కొంటున్న. ఆయన ఇక్కడ సమాధుల తోటల ఉండె."

"దూరదేశంల ఉన్నోళ్ళకు చావు కబురు ఎట్ల చెప్తం బిడ్డా? రాలేవు. చెప్పి ఏడిపిచ్చుడెందుకని..."

"ఏడ్వనీయాలె, పెద్దమ్మా."

ఆ మాటకు శంకరవ్వ తల గోడ వెనక్కి దిగిపోయింది. లిడియా కుక్క పక్కన కూర్చొని దాని వీపు నిమరసాగింది.

"మొదలు మూతి కాడ పొగ లెక్క లేసింది," అంది మెల్లగా. "పిండి అంటిందనుకొని తుడిచిన, పోలే. వానలు పడంగ చెవుల కొసలు తెల్లబడ్డయ్. క్రిస్మస్ నాటికి వీపు మీద వెన్నెల పడ్డట్టే. ఒకనాడు పొద్దుగాల లేసి చూస్తే, నలుపంత రాత్రితోటే పోయిందనిపిచ్చింది."

చెబుతుంటే ఆమె కళ్ళు సగం మూతపడ్డాయి. నిద్రలో మాట్లాడుతున్న మనిషి గొంతులా ఉంది ఆ గొంతు. వింటూ క్యాథరిన్ కూడా కాసేపు ఆ రంగుల వెంట పోయింది. పొగ, బూడిద, వెన్నెల. తర్వాత తేరుకొని ఫోన్ తీసి వెతికింది.

"పుట్టినప్పుడు నల్లగున్న షిట్జు పిల్లలు కొన్ని, ఏడాది రెండేండ్లల్ల వెండి రంగుకు తిరుగుతయట," అంది చదువుతూ. "అన్నీ కాదట. కొన్నేనట."

"నేను చెప్పలే?" లిడియా గొంతులో ఊపిరి వచ్చింది. "బొగ్గూ, దా. అక్క దగ్గరికి పో."

పేరు వినగానే కుక్క లేచి వెళ్ళి క్యాథరిన్ ఒడిలో చేరింది. ఆమె దాన్ని దగ్గరికి తీసుకుంది. ఎడమ చెవి వెనక వెంట్రుకలను వేలితో పాయ తీసింది. వేలు అక్కడే ఆగింది. తర్వాత తల ఎత్తి లిడియాను చూసింది.

"నీ బంగారు కమ్మలేవి, పెద్దమ్మా?"

"బరువైతున్నయ్ బిడ్డా. ముసలి చెవులు ఓర్వలే."

బయట డ్రైవర్ రాజం హారన్ కొట్టాడు. "అక్కా, మంచిర్యాల దాటేటాల్లకు చీకటైతది!"

క్యాథరిన్ కుక్క తల మీద గడ్డం ఆనించింది. "మా బొగ్గే," అంది. "నేనే గుర్తు పట్టలే."

లిడియా లేచి కుక్క గిన్నె, దువ్వెన, పాత తువ్వాల సంచిలో పెట్టింది. ఆమె చేతులు ఆగకుండా పనిచేస్తున్నాయి.

"ఉరుములకు భయపడతది. మంచం కిందికి దూరితే గుంజకు, అదే వస్తది. పెరుగన్నం పెట్టు, ఇంత చల్లారినంక. కారుల కిటికీ జరంత దించు."

"సరే, పెద్దమ్మా."

"ఆదిలాబాద్‌ల చలి ఎక్కువ."

"నేనున్న గదా."

కారు కదిలింది. మిషన్ కాంపౌండ్ దారి పొడుగునా నిలిచిన నీళ్ళలో ఆకాశం పగిలి, కారు పోయాక మళ్ళీ అతుక్కుంది. వెనక అద్దంలో వెండి రంగు జుట్టు ఒక్క క్షణం మెరిసింది. లిడియా వాకిట్లోనే నిలబడింది. ఇంట్లోకి పోతే చాప ఖాళీగా ఉంటుంది.

చర్చి గేటు దగ్గర కారు ఆగింది.

క్యాథరిన్ దిగింది. కుక్కను ఎత్తుకొని నీళ్ళలోంచే వెనక్కి నడిచి వస్తోంది.

"ఏం మరిచిపోయినవ్, బిడ్డా?"

క్యాథరిన్ ఒక చేత్తో ముసలామెను దగ్గరికి తీసుకుంది. ఇద్దరి మధ్యా కుక్క వెచ్చగా ఊపిరి పీలుస్తోంది. ఆమె లిడియా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"బొగ్గును ఎక్కడ పూడ్చిపెట్టినవ్, పెద్దమ్మా?"