చివరి నుంచి రెండో మనిషి

"అమ్మా, ఒక్క నిమిషం ఆగుతారా? పిక్క పట్టేసింది!"

వెనక నుంచి కేక వినబడగానే నర్సమ్మ తల తిప్పి చూసింది. ఎర్రటోపీ ఆవిడ ఫుట్‌పాత్ అంచు మీద కూలబడి, రెండు చేతులతో కాలు పట్టుకుని ఉంది. హాఫ్ మారథాన్‌లో పద్దెనిమిదో కిలోమీటరు బోర్డు ఇద్దరూ అప్పుడే దాటారు. ఇంకా మూడు కిలోమీటర్లుంది. ముందు రోడ్డంతా ఖాళీ. వెనక ఆ ఎర్రటోపీ ఒక్కటే.

పిక్క పట్టేస్తే ఏం చెయ్యాలో నర్సమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా వార్డులో చేస్తున్న పనే. మోకాలు చాపించి, కాలివేళ్ళు వెనక్కి వంచి పట్టుకుంటే సరిపోతుంది. అంతా కలిపి రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలయ్యాక ఆవిడ లేచి తనని దాటిపోతే?

రాకూడని ఆలోచనే. కానీ వచ్చింది.

ఫినిషింగ్ లైన్ దగ్గర మొగుడూ, ఆడపడుచూ ఫోన్లు పట్టుకుని కాచుకుని ఉంటారు. "వదినా, చివరి స్థానం నీకే రిజర్వు చేయించాం, కంగారు పడకు" అని ఆడపడుచు నాలుగు నెలలుగా ఏడిపిస్తూనే ఉంది. వార్డులో కుర్రడాక్టరు సరేసరి. "సిస్టర్, మీ వెనకాలే అంబులెన్స్ పంపమంటారా?" అని రోజూ ఒకటే పాట. డ్యూటీకి ముందు ఆస్పత్రి ప్రహరీ చుట్టూ రౌండ్లు కొట్టి, కాలిగోళ్ళు నల్లబడేదాకా పరిగెత్తింది మొదటి స్థానం కోసం కాదు. చివరన రాకుండా ఉంటే చాలని.

పొద్దుటి నుంచీ ఆ ఎర్రటోపీయే తన ధైర్యం. పదో కిలోమీటరు దగ్గర, అందరూ తనని దాటిపోయారనుకుని ఏడుపు మొహంతో వెనక్కి తిరిగితే, ఆవిడ కనబడింది. "మీరు పదండమ్మా, నేను మీ వెనకే వస్తా" అని నవ్వింది కూడా. ఎంత చల్లని మాట! తను లేసు కట్టుకోవడానికి ఆగితే, ఆవిడా ఆగి ఎవరింటి గోడ మీద పూలో చూస్తూ నిలబడింది. ఓపిక అయిపోయింది కాబోలు పాపం, అని నర్సమ్మ జాలిపడింది. లోపల్లోపల సంతోషించింది.

"అమ్మా!" ఎర్రటోపీ మళ్ళీ పిలిచింది.

"ముందు నీళ్ళ స్టాలుందండీ! అక్కడ చెప్పి ఎవరినైనా పంపిస్తా!" అని అరిచి, నర్సమ్మ మళ్ళీ పరుగందుకుంది.

నీళ్ళ స్టాలు వచ్చింది. బల్లలు మడిచి వ్యానులోకి ఎక్కిస్తున్నారు.

"వెనకావిడ ఏదీ మేడమ్?" అన్నాడు బల్ల మోస్తున్నతను.

చెబితే ఆవిణ్ణి వ్యానులో ఎక్కించుకొచ్చేస్తారు. ఆవిడ పేరు కొట్టేస్తారు. ఇక లెక్కకి తన వెనక ఎవరుంటారు?

"వస్తున్నారండీ, మెల్లగా" అంది నర్సమ్మ.

తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఖాళీ రోడ్డు కనబడుతుందని భయం.

గీత దాటుతుంటే నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. మొగుడు ఎదురొచ్చి నీళ్ళసీసా ఇచ్చాడు. ఆడపడుచు వీడియో తీస్తూ, "చివరేనా వదినా?" అంది.

"కాదు. నా వెనక ఇంకొకావిడ ఉంది."

"అబ్బో! మా వదిన చివర రాలేదోచ్!"

ఆడపడుచు గంతులేస్తుంటే నర్సమ్మకి తల కొట్టేసినట్టయింది. ఎవరో మెడలో పతకం వేశారు. దాన్ని తీసి గుప్పిట్లో దాచుకుని, తిన్నగా నిర్వాహకుల టేబుల్ దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళింది.

"పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఒకావిడ పడిపోయిందండీ. ఎర్రటోపీ. పిక్క పట్టేసింది, ఆగమని పిలిచింది. నేను నర్సుని. అయినా ఆగలేదు. స్టాలు దగ్గర అడిగితే అబద్ధం చెప్పాను." గుప్పిట్లోని పతకం టేబుల్ మీద పెట్టింది. "తొందరగా ఎవరినైనా పంపండి. ఈ పతకం కూడా ఆవిడకే ఇచ్చెయ్యండి."

టేబుల్ దగ్గరమ్మాయి జాబితా మూసి, ఇబ్బందిగా చూసింది.

"ఆవిడ పోటీలో లేరండీ. మా మనిషే. అందరికన్నా వెనకున్నవాళ్ళకి తోడుగా ఒకరిని పంపుతాం. వాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని మామూలు నంబరే పెట్టి పంపుతాం."

అంటే చివరి మనిషి తనే. పదో కిలోమీటరు నుంచీ తనే. నర్సమ్మ టేబుల్ అంచు పట్టుకుంది.

"ఆవిడకెలా ఉంది? వ్యాను వెళ్ళిందా?"

"ఆవిడే ఫోన్ చేస్తే అప్పుడే పంపించామండీ. కానీ ఎక్కలేదట. కుంటుకుంటూ మీ వెనకే వస్తోందని డ్రైవర్ చెప్పాడు. 'ఆ అమ్మ వెనక్కి తిరిగి చూస్తే ఎవరో ఒకరు కనబడాలి కదా, లేకపోతే చివరన ఉన్నానని తెలిసిపోతుంది పాపం' అందట."